పాలు, ప్రైవసీ ఒకే పేపర్‌లో ఇముడుతాయా?

ప్రశ్న: సార్, నేను ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాది చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కి విదేశీ చట్టసభ సభ్యుణ్ని ఒకరిని తీసుకోమంటే అమెరికాలో వెర్మాంట్ సెనేటర్‌గా చేసిన ప్యాట్రిక్ లేహీని తీసుకున్నాను. ఈమెయిల్ ప్రైవసీ, వీడియో షాపు చట్టం, ఫోన్ రికార్డుల చట్టం అన్నిట్లో ఆయన పేరుంది. ఇంకోవైపు చూస్తే పాల రేట్లు, ఆర్గానిక్ పంటలు, చిన్న రాష్ట్రాలకి నిధులు. సినాప్సిస్ చూసి గైడ్ మేడమ్ "నువ్వు ప్రైవసీ మీద రాస్తున్నావా, పాల మీద రాస్తున్నావా? ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. మాది చిత్తూరు వైపు పాడి ఉన్న ఊరు, పాల సంగతి వదలబుద్ధి కావడం లేదు. పైగా క్లాస్‌మేట్ ఒకడు "పేట్రియాట్ యాక్ట్‌కి ఓటేసిన మనిషి ప్రైవసీ హీరో ఏంటి" అని ఎగతాళి చేస్తున్నాడు, 2001 దాడుల తర్వాత ప్రభుత్వ నిఘా అధికారాలు పెంచిన చట్టం అది. టెన్షన్‌గా ఉంది. ఏది ఉంచను, ఏది తీసేయను?

జవాబు: ఏదీ తీసేయకండి. కానీ మీ మేడమ్ వేసిన ప్రశ్న గట్టిది. ఇప్పుడు తప్పించుకుంటే వైవాలో మళ్లీ ఎదురొస్తుంది. ఉత్తరంతో పాటు పంపిన సినాప్సిస్ చూశాను. మొదటి అధ్యాయం ప్రైవసీ చట్టాలు, రెండోది వ్యవసాయ చట్టాలు, మూడోది ముగింపు. ఇలా పెడితే ఎవరైనా అదే అడుగుతారు, ఎందుకంటే రెండూ ఒకే మనిషి చేశాడన్నది తప్ప వాటిని కలిపే దారం అందులో లేదు. ఆ దారం ఉంది. అయితే ఆయన ఆదర్శాల్లో వెతికితే దొరకదు, ఆయన కూర్చున్న కుర్చీలో వెతకాలి. పాడి రైతులు, పల్లెటూరి ఓటర్లు ఆయన్ని దశాబ్దాల తరబడి సెనేట్‌లో కూర్చోబెట్టారు. అంతకాలం కూర్చుంటే సీనియారిటీ వస్తుంది, సీనియారిటీతో కమిటీ ఛైర్మన్ పదవి వస్తుంది. ఆ పదవిని ఆయన ఒక్క ఓటూ రాల్చని ప్రైవసీ మీద ఖర్చు పెట్టారు. నా లెక్క ఇదీ. మీ పేపర్ కూడా ఈ లెక్క మీద నిలబడుతుందని నా నమ్మకం.

ముందు వెర్మాంట్ అంటే ఎంతో చదివేవాళ్లకి తెలియాలి. 2020 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రం మొత్తం 6 లక్షల 43 వేల మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క లోక్‌సభ నియోజకవర్గంలో సగటున 16 లక్షల పైన ఓటర్లుంటారు, ఓటు లేని పిల్లల్ని కలపకుండానే. వెర్మాంట్ జనంలోనూ మూడింట రెండు వంతుల దాకా పల్లెవాళ్లే. రాజధాని మాంట్‌పెలియర్‌లో 8 వేల మంది, మన దగ్గర ఓ పెద్ద గ్రామ పంచాయతీ అంత. కానీ సెనేట్‌లో ఆ రాష్ట్రానికి రెండు సీట్లు, దాదాపు 4 కోట్ల జనం ఉన్న కాలిఫోర్నియాకీ రెండే. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కి 31, ఆంధ్రకి 11, తెలంగాణకి 7, సిక్కింకి 1 కదా. ఈ తేడా మీ పేపర్ మొదటి పేజీలోనే రావాలి. ఇది అర్థం కాకపోతే లేహీ అర్థం కాడు. డీలిమిటేషన్ గొడవ రోజూ వింటున్నాం కాబట్టి మన పాఠకుడికి వివరించడం పెద్ద కష్టం కాదు.

లేహీ 1974లో 34 ఏళ్ల వయసులో గెలిచారు. అంతకుముందు జిల్లా ప్రాసిక్యూటర్. వెర్మాంట్ నుంచి సెనేట్‌కి గెలిచిన మొదటి డెమొక్రాట్ ఆయనే. 2023 జనవరిలో దిగేదాకా మొత్తం 8 సార్లు గెలిచారు, 48 ఏళ్లు. బ్యాట్‌మ్యాన్ పిచ్చి, సినిమాల్లో చిన్న వేషాలు, కెమెరా సరదా లాంటివి సినాప్సిస్‌లో అరపేజీ రాశారు. ఫుట్‌నోట్ కూడా అక్కర్లేదు, కొట్టేయండి. 1987 నుంచి 1995 దాకా సెనేట్ వ్యవసాయ కమిటీ ఛైర్మన్ అన్నది మాత్రం పెద్ద అక్షరాలతో ఉండాలి. అమెరికాలో ఆర్గానిక్ అనే ముద్రకి చట్టం వచ్చింది ఆ కాలంలోనే, 1990 ఫార్మ్ బిల్లులో, అంటే కొన్నేళ్లకోసారి వచ్చే పెద్ద వ్యవసాయ చట్టంలో. న్యాయ వ్యవహారాలు చూసే జ్యుడీషియరీ కమిటీ కుర్చీ తర్వాత వచ్చింది.

పాల సంగతి ఇప్పుడు. మీకు ఇంట్లో తెలిసిన విషయమే కాబట్టి మీ బలం ఇక్కడుంది. మీ ఊరి పాలకేంద్రంలో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి రేటు కడతారు. అమెరికాలో వెన్న శాతం లెక్కతో పాటు ఆ పాలు చివరికి ఏమయ్యాయన్నది కూడా చూస్తారు. తాగే పాలకి ఒక తరగతి, చీజ్‌కి వెళ్లేవాటికి ఇంకో తరగతి, రేట్లు వేరు. తాగే పాలది పై రేటు. వెర్మాంట్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని 6 రాష్ట్రాలు కలిసి, తాగే పాలకి కేంద్రం పెట్టిన దానికంటే పైన ఒక కనీస ధర పెట్టుకుంటామని అడిగాయి. 1996 ఫార్మ్ బిల్లులో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఒప్పుకుంది. దాని వెనక లేహీ, వెర్మాంట్ రెండో సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ ఇద్దరూ ఉన్నారు. జెఫర్డ్స్ అప్పటికి రిపబ్లికన్, అయినా పాల దగ్గర పార్టీ అడ్డం రాలేదు. ఆ కనీస ధర 100 పౌండ్లకి, అంటే 45 కిలోల చిల్లరకి, 16 డాలర్ల 94 సెంట్లు. ఈ అంకె గుర్తుంచుకోండి. 2001 సెప్టెంబర్ 30న ఆ ఒప్పందం గడువు తీరిపోయింది, కాంగ్రెస్ పొడిగించలేదు. మరుసటి ఏడాది ఫార్మ్ బిల్లులో దేశంలోని పాడి రైతులందరికీ ఒక పథకం వచ్చింది. బోస్టన్‌లో తాగే పాల ధర ఇంతకంటే పడిపోతే ఆ తేడాలో 45 శాతం ప్రభుత్వం కడుతుంది. ఎంతకంటే? అదే 16.94. ఒక మూల రాష్ట్రాల రేటు దేశం మొత్తానికి కొలత అయింది. పెద్ద డైరీలే అంతా లాగేసుకోకుండా ఒక్కో ఫారానికి పరిమితి కూడా పెట్టారు.

మీ మేడమ్‌కి చూపించాల్సిన ముడి ఇప్పుడొస్తుంది. 2001 మొదట్లో సెనేట్ సరిగ్గా 50-50. ఉపాధ్యక్షుడి ఓటుతో రిపబ్లికన్లది పైచేయి, కమిటీలన్నీ వాళ్లవే. మే 24న జెఫర్డ్స్ బర్లింగ్‌టన్‌లో మైకు ముందుకొచ్చి రిపబ్లికన్ పార్టీ వదిలేస్తున్నానని ప్రకటించారు. పన్ను కోతల గురించి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకి నిధుల గురించి ఆయనకి పార్టీతో పేచీ. పాల ఒప్పందం విషయంలో వైట్‌హౌస్ ఆయన్ని ఇబ్బంది పెట్టొచ్చన్న మాట కూడా అప్పటి పత్రికల్లో బాగా నలిగింది. అసలు కారణం ఏదైతేనేం, ఆయన ఒక్కడు జరగడంతో జూన్‌లో సెనేట్ డెమొక్రాట్ల చేతికొచ్చింది, జ్యుడీషియరీ కమిటీ కుర్చీ లేహీ చేతికొచ్చింది. మూడు నెలలకి సెప్టెంబర్ 11. బుష్ ప్రభుత్వం నిఘా అధికారాల బిల్లు పట్టుకొచ్చినప్పుడు సెనేట్ తరఫున బేరం ఆడే బాధ్యత ఆ కుర్చీలో ఉన్న మనిషి మీద పడింది. పిల్ల రాష్ట్రంలో ఒక సెనేటర్ అలిగితే దేశం మొత్తం ప్రైవసీ బేరం ఎవరు ఆడతారన్నది మారిపోయింది. ఇంతకంటే మంచి ముడి కల్పించి రాద్దామన్నా దొరకదు, దీనికి కనీసం రెండు పేజీలు ఇవ్వండి.

ఇక మీ క్లాస్‌మేట్ ఎగతాళి. వాడు చెప్పింది నిజమే. 2001 అక్టోబర్ 25న పేట్రియాట్ యాక్ట్ సెనేట్‌లో 98-1తో పాసైంది, ఆ 98లో లేహీ ఒకరు. ఉత్తుత్తి ఓటు కూడా కాదు, బేరం ఆడి తెచ్చిన బిల్లు అది. కొన్ని అధికారాలు 2005 డిసెంబర్ 31తో వాటంతటవే ముగిసిపోయేలా గడువు పెట్టించుకోవడం ఆ బేరంలో దక్కిన వాటిలో ముఖ్యమైంది. ఆ గడువు వల్లే తర్వాత మళ్లీ చర్చ, మళ్లీ ఓటు తప్పనిసరి అయ్యాయి. 2006లో పొడిగింపు ఓటుకొచ్చినప్పుడు లేహీ వ్యతిరేకంగా వేశారు, జెఫర్డ్స్ కూడా. 2008లో విదేశీ నిఘా చట్టం సవరణకీ ఆయన వ్యతిరేకమే. కాబట్టి క్లాస్‌మేట్‌తో వాదన పెట్టుకోకండి, "అవును, ఓటేశాడు, ఆ తర్వాత ఏం జరిగిందో చదువు" అని పేపర్ చేతిలో పెట్టండి.

ఆ ఒక్క వ్యతిరేక ఓటు ఎవరిదో సినాప్సిస్‌లో రాయలేదు మీరు. రస్ ఫైన్‌గోల్డ్, విస్కాన్సిన్. అమెరికాలో పాలు, చీజ్ అనగానే ముందు గుర్తొచ్చే రాష్ట్రం. ఆయన ప్రైవసీ మీద లేహీ కంటే ఒక మెట్టు పైనే నిలబడ్డాడు, కానీ పాల దగ్గర ఇద్దరికీ పడదు! న్యూ ఇంగ్లండ్ ఒప్పందం మా రైతుల పొట్ట కొడుతుందని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ఫైన్‌గోల్డ్ ముందువరసలో ఉన్నాడు. దీన్ని దాచకండి. "పల్లె రాష్ట్రాల వాళ్లు స్వతహాగా స్వేచ్ఛా ప్రియులు, అందుకే ప్రైవసీని కాపాడతారు" అని మీ సినాప్సిస్ చివర ఒక వాక్యం ఉంది చూడండి, చదవడానికి బాగుంది కానీ అలాంటివి ఎవరూ రుజువు చేయలేరు. పాల దగ్గర కత్తులు దూసుకునే ఇద్దరు ప్రైవసీ దగ్గర ఒకే వైపు ఉన్నారంటే కలిపేది పల్లె స్వభావం కాదని తేలిపోయింది కదా. చిన్నదో మధ్యరకానిదో ఒక రాష్ట్రంలో సొంతంగా నిలబడగలిగే ఓటు బలం ఉండటం, దాంతో పార్టీ పెద్దల మొహం చూడకుండా ఓటేయగలగడం, అసలు పని చేసేది అది.

ఇంకో విషయం, అదే పేట్రియాట్ యాక్ట్ లోపల. సెక్షన్ 1014 తీసి చదవండి. ఉగ్రవాద దాడుల్ని ఎదుర్కొనే సన్నద్ధతకి రాష్ట్రాలకిచ్చే గ్రాంటులో ఏ రాష్ట్రానికైనా కనీసం 0.75 శాతం ఇవ్వాలి. ఇది పెట్టించింది లేహీ. అంటే ఎఫ్‌బీఐకి అధికారాలిచ్చిన చట్టంలోనే వెర్మాంట్ ఫైరింజన్లకి డబ్బు కూడా రాసుకొచ్చారన్నమాట. దీని ఫలితం కొంచెం ఎబ్బెట్టుగానే వచ్చింది. తలసరి లెక్క వేస్తే వ్యోమింగ్‌కి న్యూయార్క్ కంటే ఎక్కువ ముట్టింది, దాడి జరిగిందేమో న్యూయార్క్‌లో. ప్రమాదం ఎక్కడుంటే డబ్బు అక్కడికి వెళ్లాలని 9/11 కమిషన్ 2004లో తప్పుపట్టింది, 2007లో ఆ కనీస వాటా తగ్గించారు. నాకైతే ఈ విషయంలో కమిషన్ వైపే న్యాయం ఉందనిపిస్తుంది. మీరు వేరేగా వాదించొచ్చు, పల్లెలో అగ్నిమాపక దళం అంటే చాలామంది వాలంటీర్లే, పరికరాలు ఎవరిస్తారు అని అడగొచ్చు. ఏ వైపు వాదించినా ఆ సెక్షన్ మీ పేపర్‌కి ప్రాణం, పాలు ప్రైవసీ అనే మీ రెండు అధ్యాయాలూ ఒకే చట్టంలో పక్కపక్కన ఉన్నచోటు అది.

ప్రైవసీ చట్టాల భాగం మీరు బాగానే రాశారు. కాకపోతే అన్నిటికీ సమానంగా తలో పేరా ఇచ్చేశారు, ప్రాస్పెక్టస్‌లాగా ఉంది. ఎందుకు అవసరమయ్యాయో ముందు చెప్పండి. 1976లో మిల్లర్ కేసులో, 1979లో స్మిత్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏమంది? బ్యాంకుకో ఫోన్ కంపెనీకో మీరే ఇచ్చిన సమాచారం మీద మీకు రాజ్యాంగ రక్షణ ఆశించే హక్కు లేదంది. కోర్టు తలుపు మూసింది కాబట్టి చట్టసభ కిటికీ తెరవాల్సి వచ్చింది. 1984లో లేహీ అటార్నీ జనరల్‌కి ఒక లేఖ రాసి, ఈమెయిల్‌ని మధ్యలో పట్టుకుని చదివితే ఫోన్ ట్యాపింగ్ చట్టం కిందకి వస్తుందా అని అడిగారు. న్యాయశాఖ నుంచి వచ్చిన జవాబు సారం ఏంటంటే, ప్రైవసీ ఆశించడానికి సహేతుకమైన ఆస్కారం ఉన్నచోటే రక్షణ ఉంటుంది, అది ఎక్కడుందో ఎప్పుడూ స్పష్టంగా చెప్పలేం అని. 1984లో! అప్పటికి జనంలో ఎంతమందికి ఈమెయిల్ ఉందో ఊహించుకోండి. రెండేళ్లకి, 1986లో ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ యాక్ట్ వచ్చింది. సెనేట్‌లో లేహీకి తోడు మేరీలాండ్ రిపబ్లికన్ చార్లెస్ మాథియస్, దిగువ సభ హౌస్‌లో కాస్టెన్‌మేయర్.

ఆ చట్టంలోనే 180 రోజుల మెలిక ఉంది. సర్వర్‌లో 180 రోజులు దాటిన మెయిల్‌కి వారంట్ అక్కర్లేదు, అంతకంటే తేలికైన కాగితం చాలు. అప్పట్లో డిస్క్ చోటు బంగారం, మెయిల్ దింపుకుని చెరిపేసేవాళ్లు, ఆరు నెలలు అలా వదిలేశారంటే వాళ్లకి పట్టదనే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు నా మెయిల్‌బాక్స్‌లో పదేళ్ల చెత్తంతా ఉంది, మీదీ అంతే అయ్యుంటుంది. 2010లో వార్షాక్ కేసులో ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టు వారంట్ ఉండాల్సిందేనంది. తను రాసిన చట్టాన్ని తనే దిద్దుదామని లేహీ 2011 నుంచి తిరిగారు, 2013లో యూటా రిపబ్లికన్ మైక్ లీతో కలిసి మళ్లీ బిల్లు పెట్టారు. 2016 ఏప్రిల్‌లో హౌస్ ఇలాంటి బిల్లునే 419-0తో పాస్ చేసింది. ఒక్కరు కూడా వద్దనలేదు. అయినా సెనేట్‌లో ఆగిపోయింది, ఏం చెప్తాం!

వీడియో షాపు కథ మీకు బాగా నచ్చినట్టుంది, మూడు పేజీలు రాశారు. ఒకటిన్నరకి కుదించండి. 1987లో అధ్యక్షుడు రేగన్ సుప్రీంకోర్టు జడ్జి పదవికి రాబర్ట్ బోర్క్ పేరు పంపారు. వాషింగ్టన్‌లో ఒక వారపత్రిక విలేకరికి వీడియో షాపులోంచి బోర్క్ ఇంటివాళ్లు అద్దెకి తెచ్చుకున్న 146 సినిమాల లిస్టు చేతికి చిక్కింది, అచ్చేశారు. అందులో గుట్టు రట్టయ్యేంత సినిమాలేవీ లేవు. లేహీ బోర్క్ నియామకానికి గట్టి వ్యతిరేకి, సెనేట్ 58-42తో ఆయన్ని తిప్పికొట్టింది కూడా. అయినా ఆ లిస్టు బయటపెట్టడం మాత్రం తప్పని లేహీ పట్టుబట్టారు. మరుసటి ఏడాది, 1988లో వీడియో ప్రైవసీ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది. నష్టపరిహారం కనీసం 2,500 డాలర్లు. ఇక్కడ మీరు వదిలేసిన ముక్క ఒకటుంది. మొదట బిల్లులో వీడియో షాపుతో పాటు లైబ్రరీ రికార్డులు కూడా ఉన్నాయి. పోలీసు దర్యాప్తులకి అడ్డమన్న అభ్యంతరం తేలక, లైబ్రరీ భాగం తీసేసి మిగతాది పాస్ చేసుకున్నారు.

ఆ తీసేసిన ముక్క పదమూడేళ్లకి ఎక్కడ తేలిందో చూడండి. పేట్రియాట్ యాక్ట్ సెక్షన్ 215 కింద ఎఫ్‌బీఐ ఎవరి దగ్గరనుంచైనా ఎలాంటి వస్తువునైనా, రికార్డునైనా రహస్య కోర్టు ఉత్తర్వుతో తెప్పించుకోగలిగేది, 2020లో ఆ అధికారం గడువు తీరిపోయింది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది కూడా అందులోకి వచ్చేది. వెర్మాంట్‌లో లైబ్రేరియన్లు, పుస్తకాల షాపులవాళ్లు దీనిమీద గొడవ చేశారు. అప్పట్లో హౌస్‌లో ఆ రాష్ట్రానికున్న ఏకైక సభ్యుడు బెర్నీ శాండర్స్, 2003లో లైబ్రరీలకి, షాపులకి మినహాయింపు అడుగుతూ బిల్లు పెట్టారు. పల్లెటూరి లైబ్రరీ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? వచ్చినవాళ్ల పేర్లన్నీ కౌంటర్ దగ్గర కూర్చున్నావిడకి తెలుసు, ఎవరు జబ్బుల పుస్తకం తీసుకెళ్లారో, ఎవరు విడాకుల చట్టం తీసుకెళ్లారో తెలుసు, తెలిసీ ఆవిడ నోరు మెదపదు కాబట్టే ఊరు ఊరులా ఉంటుంది. నగరంలో పోలీసు వచ్చి అడిగితే అది ఒక రికార్డు, అక్కడ అడిగితే అది పక్కింటి మనిషి. ప్రైవసీ అంటే కంప్యూటర్ ఇంజినీర్ల గొడవ అనుకునేవాళ్లకి ఈ ఉదాహరణ చెప్పండి. పల్లెకీ ప్రైవసీకీ నేరుగా సంబంధం కావాలంటే మీకు దొరికేది ఇదొక్కటే, దీన్ని ఉన్నంతలోనే వాడుకోండి, సాగదీయొద్దు.

ప్రభుత్వ రహస్య నిఘాని 2013లో బయటపెట్టిన స్నోడెన్ తర్వాత జరిగింది అందరికీ తెలుసు, ఒక పేజీలో ముగించండి. 2013 అక్టోబర్‌లో లేహీ, హౌస్‌లో సెన్సెన్‌బ్రెన్నర్ కలిసి యూఎస్‌ఏ ఫ్రీడమ్ యాక్ట్ పెట్టారు. తమాషా ఏంటంటే ఆ సెన్సెన్‌బ్రెన్నరే 2001లో హౌస్‌లో పేట్రియాట్ యాక్ట్ తెచ్చిన మనిషి, పైగా ఈయనా విస్కాన్సిన్ వాడే. 2014 నవంబర్‌లో సెనేట్‌లో 60 ఓట్లు కావాల్సి ఉండగా 58 దగ్గర ఆగిపోయింది. 2015 జూన్ 2న 67-32తో పాసైంది, దేశంలో అందరి ఫోన్ కాల్ రికార్డులూ ప్రభుత్వం మూటగట్టి దాచుకోవడం ఆ చట్టంతో ఆగింది.

ఆయన ప్రైవసీవాదులకి కోపం తెప్పించిన సందర్భాలు కూడా రాయాలి, లేకపోతే అభిమాన సంఘం ప్రత్యేక సంచికలా ఉంటుంది. పేట్రియాట్ సంగతి అయిపోయింది. 1994లో, కోర్టు ఉత్తర్వు ఉంటే పోలీసులు వినడానికి వీలుగా టెలిఫోన్ కంపెనీలు తమ నెట్‌వర్క్‌లు కట్టుకోవాలన్న చట్టం సెనేట్‌లో తెచ్చింది ఆయనే. 2011లో పైరసీ సైట్లని అడ్డుకోవడానికని ఆయన పెట్టిన బిల్లు మీద ఇంటర్నెట్ అంతా తిరగబడింది, 2012 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా ఒక రోజు మూసేసుకుంది, బిల్లు అక్కడే ఆగింది. ఒకప్పుడు ప్రాసిక్యూటర్‌గా చేసిన మనిషి అని మర్చిపోకండి. పోలీసు పనే వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు, ముందు జడ్జి సంతకం ఉండాలన్నారు. ఈ గీత పట్టుకుంటే పొంతన లేనట్టు కనిపించేవి చాలావరకు సర్దుకుంటాయి. పైరసీ బిల్లు ఒక్కటి సర్దుకోదు, సర్దొద్దు.

ఆయనవి అన్నీ పెద్ద విషయాలే కాదు. 1998లో వెర్మాంట్ పక్కనున్న చాంప్లెయిన్ సరస్సుని గ్రేట్ లేక్స్ అనే అయిదు మహా సరస్సుల జాబితాలో చేర్పించి పరిశోధన నిధులకి అర్హత తెచ్చుకున్నారు. మిడ్‌వెస్ట్ వాళ్లు గోల గోల చేస్తే కొన్ని వారాల్లోనే ఆ హోదా పోయింది. పేపర్‌కి అవసరం లేదు కానీ వైవాలో గాలి బిగుసుకుంటే చెప్పండి, నవ్వుతారు.

మన దేశంతో పోలిక పెట్టమని మేడమ్ అడుగుతారు, ఖాయం. మనకి ప్రైవసీ హక్కు కోర్టు ద్వారా వచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రాథమిక హక్కన్నారు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, అదీ ప్రభుత్వ బిల్లు. తీర్పుకి ముందు నెలలో ఒడిశాలోని కేంద్రపాడా ఎంపీ బైజయంత్ పండా లోక్‌సభలో డేటా ప్రైవసీ మీద ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు, పెట్టారు. చూడండి, కేంద్రపాడా కూడా పల్లె సీటే. కానీ మన పార్లమెంటులో స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైన ప్రైవేటు బిల్లులు 14, చివరిది 1970లో. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక, పార్టీ ఆదేశమైన విప్ దాటితే సీటే పోతుంది. జెఫర్డ్స్ చేసినట్టు ఇక్కడ చేస్తే సభ్యత్వమే పోతుంది. మంచివాళ్లు అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ అన్న ధోరణిలో మాత్రం రాయకండి, రెండు చోట్లా కుర్చీకి ఉన్న వెసులుబాటు వేరు, అంతే.

అధ్యాయాల సంగతి. మొదట వెర్మాంట్, సెనేట్ లెక్క. తర్వాత పాలు, జెఫర్డ్స్, కుర్చీ మారడం. ఆ తర్వాత పేట్రియాట్ యాక్ట్ ఒక్కదాన్నే పట్టుకుని గడువు, 1014, 215, ఫైన్‌గోల్డ్ నాలుగింటినీ ఒకేచోట. 1984 నుంచి 1988 కథ దానికి ముందు వెనక్కి వెళ్లి చెప్పినట్టుగా వస్తే చాలు. మనతో పోలిక చివర, పొట్టిగా. శీర్షికలో "ప్రైవసీ యోధుడు" తీసేయండి, మీ క్లాస్‌మేట్‌కి ఎందుకు అవకాశమివ్వడం.

ఇంకొక పని, ఈ వారంలోనే చేయండి. అమెరికా కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో బిల్లులన్నీ ఉచితంగా ఉంటాయి. 2011-12 సభలో హెచ్‌ఆర్ (హౌస్ బిల్లు) 2471, హెచ్‌ఆర్ 6671 రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. మొదటిది వీడియో చట్టాన్ని నెట్‌ఫ్లిక్స్ కాలానికి సడలించడానికి హౌస్ పంపిన బిల్లు. లేహీ 2012 నవంబర్‌లో తన కమిటీలో దానికి ఈమెయిల్ వారంట్ భాగం తగిలించారు, కంపెనీకి కావాల్సింది జనానికి కావాల్సినదానితో కలిపి తీసుకోండి అన్నట్టు. రెండోది నెల తిరక్కుండా వచ్చింది, అందులో వీడియో సడలింపు ఒక్కటే ఉంది, ఈమెయిల్ లేదు. 2013 జనవరిలో ఒబామా సంతకం పెట్టింది దాని మీదే. ఏ లైన్లు పోయాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఆ రెండు ప్రింట్లూ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లండి, సినాప్సిస్ తర్వాత దిద్దుకోవచ్చు.